రెండు వేల పాయింట్ల లిస్ట్: వరంగల్ నుంచి టోర్నీకి వెళ్లేవాళ్ల కోసం

వార్‌హామర్ 40,000 అనే బొమ్మల యుద్ధం ఆటలో టోర్నీ లిస్ట్ (తీసుకుపోయే ఆర్మీ జాబితా) అనగానే చాలామంది కోడెక్స్ (తమ ఆర్మీ రూల్స్ పుస్తకం) తెరిచి నచ్చిన బొమ్మల దగ్గర మొదలుపెడతారు. ప్రతి యూనిట్‌కు (కలిసి కదిలే బొమ్మల జట్టుకు) పాయింట్లలో ధర ఉంటుంది, మొదటి 1500 పాయింట్లు మస్తు ఖుషీగా ఖర్చయిపోతాయి. ఆబ్జెక్టివ్ (టేబుల్ మీద పట్టుకోవాల్సిన చోటు) మీద నిలబడేవాళ్లు, మూలకు పోయి స్కోరు తెచ్చే పని (యాక్షన్) చేసేవాళ్లు, వెనక కాపలా ఉండేవాళ్లు గుర్తొచ్చేసరికి చేతిలో 500 మిగులుతాయి. అప్పుడు కూడా ఇంకో ట్యాంక్ ఊరిస్తూనే ఉంటుంది. టోర్నీలో గెలుపోటములు తేల్చేది ఒక్కో ఆటలోని ఐదు రౌండ్లలో (ఇద్దరూ ఒక్కో టర్న్ ఆడితే ఒక రౌండ్) రాబట్టిన స్కోరు. అందుకే ముందు స్కోరు లెక్క తేల్చుకుని, ఆ తర్వాతే యూనిట్ల జోలికి పోవాలి.

ఇక్కడి అంకెలన్నీ 2023లో వచ్చిన వార్‌హామర్ 40,000 పదో ఎడిషన్‌వి, 2000 పాయింట్ల ఆటకు వర్తించేవి. టేబుల్ 60 అంగుళాల పొడవు, 44 అంగుళాల వెడల్పు. మీ టోర్నీ వేరే ఎడిషన్‌లో జరిగితే అంకెలు మారతాయి కానీ లెక్క వేసే తీరు మారదు.

ముందు టోర్నీ ప్యాక్ చదవండి

నిర్వాహకులు పంపే ప్యాక్‌లో వెతకాల్సినవి ఇవి: ఏ తేదీ వరకు వచ్చిన పాయింట్లు, రూల్ మార్పులు చెల్లుతాయి; లిస్ట్ ఎప్పటిలోగా పంపాలి; ఏ మిషన్లు, ఏ టెరైన్ (టేబుల్ మీది గోడలు, శిథిలాలు) లేఅవుట్లు; ఒక్కో ఆటకు ఎంత టైం; చెస్ క్లాక్ ఉందా; రంగు వేయని బొమ్మలను ఒప్పుకుంటారా; త్రీడీ ప్రింట్ బొమ్మలకు, ఒకదాని బదులు ఇంకోటి పెట్టడానికి అనుమతి ఉందా. చివరి విషయం మన దగ్గర మరీ ముఖ్యం, ఎందుకంటే చాలామంది ఆర్మీల్లో సగం ప్రింట్ చేసినవే. అనుమతి ఉన్నా బేస్ (బొమ్మ కింది పీఠం) సైజు మాత్రం అసలుదే ఉండాలి. 40 మిల్లీమీటర్ల బేస్ మీద ఉండాల్సిన బొమ్మను 32 మీద పెడితే దాక్కోవడం, ఇరుకులోకి దూరడం తేలికవుతుంది. ఎదుటివాళ్లు అభ్యంతరం చెబితే న్యాయం వాళ్ల వైపే ఉంటుంది.

పాయింట్లు ఏడాదిలో పలుసార్లు మారతాయి. అందుకని పోయిన టోర్నీలో గెలిచిన లిస్ట్ చూసి కొత్త డబ్బాలు కొనడం నష్టాల బేరం. డబ్బా వచ్చి, అతికించి, రంగు వేసేలోపు ఆ యూనిట్ ఖరీదెక్కి ఉంటుంది.

స్కోరు ఎక్కడ దొరుకుతుంది

ఒక ఆటలో గరిష్ఠంగా 100 వస్తాయి. ప్రైమరీకి (ఆట ప్రధాన మిషన్‌కు) 50, సెకండరీకి (పక్క పనులకు) 40, ఆర్మీ మొత్తానికి రంగు వేసి ఉంటే 10.

టేక్ అండ్ హోల్డ్ మిషన్‌నే తీసుకుందాం. చేతిలో ఉన్న ఒక్కో ఆబ్జెక్టివ్‌కు 5, ఒక టర్న్‌లో 15 దాటవు, లెక్క మొదలయ్యేది రెండో రౌండ్ నుంచి. అంటే స్కోరు చేసే అవకాశం నాలుగు సార్లు. మీ ఇంటి ఆబ్జెక్టివ్ (మీరు మొదట బొమ్మలు పెట్టే వైపున్నది) ఒక్కటే పట్టుకుని కూర్చుంటే 20 వస్తాయి. ఇంటిదీ, మధ్యలో ఒకటీ నాలుగు సార్లూ నిలబెట్టుకుంటే 40. దానిమీద మూడోది రెండంటే రెండు సార్లు దొరికితే 50, అక్కడితో ప్రైమరీ నిండిపోయినట్టే. నాలుగు సార్లూ మూడు పట్టుకున్నా 60కి గాను మీ ఖాతాలో పడేవి 50. కాబట్టి టేబుల్ మొత్తం ఊడ్చేసే ఆర్మీ అక్కర్లేదు. మధ్యలో ఒక్కచోట మొండిగా నిలబడే యూనిట్ ఒకటి, మూడో ఆబ్జెక్టివ్ మీదికి రెండుసార్లు పోయి చచ్చినా పర్వాలేదనుకునే చిన్న యూనిట్లు రెండు మూడు ఉంటే సరి.

సెకండరీలో టాక్టికల్ (కార్డులు తీసుకుంటూ ఆడే పద్ధతి) తీసుకుంటే టర్న్‌కు రెండు కార్డులు వస్తాయి. బిహైండ్ ఎనిమీ లైన్స్, ఎంగేజ్ ఆన్ ఆల్ ఫ్రంట్స్, క్లెన్స్ లాంటివి ఎవరినీ చంపమని అడగవు, ఫలానా చోట నిలబడమంటాయి. యాక్షన్ చేసే యూనిట్ ఆ టర్న్‌లో కాల్చలేదు. 250 పాయింట్ల ట్యాంకును ఆ పనికి వాడితే అసలుకే ఎసరు. 60 నుంచి 100 పాయింట్ల మధ్య ఉండే, కాల్చకపోయినా బాధలేని యూనిట్లు కనీసం మూడు కావాలి. వాటిలో ఒకటైనా రిజర్వ్ నుంచి (మొదట టేబుల్ బయట ఉండి) దిగేదో, ముందే టేబుల్ మధ్యకు చేరేదో అయితే మంచిది.

ఫిక్స్‌డ్ సెకండరీలు (ఆట మొదట్లోనే ఖాయం చేసుకునేవి) ఎదుటి లిస్ట్‌ను బట్టి పనికొస్తాయి. నిండా వాహనాలే ఉన్న ఆర్మీ ఎదురైతే బ్రింగ్ ఇట్ డౌన్ తీసుకోవచ్చు. కానీ లిస్ట్ రాసేటప్పుడు టాక్టికల్‌నే నమ్ముకోండి. ఎవరు ఎదురొస్తారో ముందు తెలియదు కదా.

పాయింట్లను పనులకు పంచడం

నోట్‌బుక్‌లో యూనిట్ల పేర్లు రాయకముందే పనులు రాసుకోండి. మొదటి టోర్నీకి స్పేస్ మెరీన్ల ఆర్మీతో వెళ్లే ఆటగాడికి నడిచే పంపకం ఇది. ఇల్లు కాయడానికి, యాక్షన్లకు 400. మధ్యలో నిలబడే గట్టి ముద్దకు 500. ట్యాంకులు కొట్టడానికి 500. ఎదురుదాడికి, చౌకది ఇచ్చి ఖరీదైనది కొట్టే ఇచ్చిపుచ్చుకోవడానికి 400. మిగిలిన 200 క్యారెక్టర్లకు (నాయకుల బొమ్మలకు), ఎన్‌హాన్స్‌మెంట్లకు (వాళ్లకిచ్చే అదనపు శక్తులకు).

ఇల్లు కాసేవాళ్లుగా ఐదుగురు ఇంటర్‌సెసర్లు (మామూలు స్పేస్ మెరీన్ సైనికులు) సరిపోతారు. వాళ్ల రూల్ వల్ల ఆబ్జెక్టివ్ వదిలి ముందుకు పోయినా, ఎదుటివాళ్లు వచ్చి లాక్కునేదాకా అది మీదే. యాక్షన్లకు స్కౌట్లు రెండు స్క్వాడ్లు. దగ్గర్లో శత్రువు లేకపోతే ఎదుటివాళ్ల టర్న్ చివర్లో వీళ్లను టేబుల్ మీంచి తీసి స్ట్రాటజిక్ రిజర్వ్‌లో పెట్టుకోవచ్చు, మీ తర్వాతి టర్న్‌లో ఇంకో అంచు నుంచి దింపొచ్చు. రెండు మూలల పనికి ఒక్క స్క్వాడ్ చాలన్నమాట.

మధ్య ముద్ద విషయంలో ఒక పొరపాటు పదేపదే కనిపిస్తుంది. గట్టిగా ఉంటారని ఐదుగురు టర్మినేటర్లను (బరువైన కవచమున్న స్పేస్ మెరీన్లను) ఆబ్జెక్టివ్ మీద పెడతారు. వాళ్ల ఓసీ (ఆబ్జెక్టివ్ కంట్రోల్; ఎవరి మొత్తం ఎక్కువైతే ఆబ్జెక్టివ్ వాళ్లది) ఒక్కొక్కరికి 1, మొత్తం 5. ఎదురుగా పదిమంది ఆర్క్ బాయ్స్ వస్తే ఒక్కొక్కరికి 2 చొప్పున 20. టర్మినేటర్లలో ఒక్కడూ చావకపోయినా ఆబ్జెక్టివ్ పోతుంది. పక్కనే ఐదుగురు ఇంటర్‌సెసర్లుంటే ఇంకో 10 కలిసి 15 అవుతాయి, బాయ్స్‌లో ముగ్గురిని కొడితే ఆబ్జెక్టివ్ మీదే. లిస్ట్ కాగితం మీద ప్రతి యూనిట్ పక్కన పాయింట్లతో పాటు మొత్తం ఓసీ కూడా రాసుకుంటే ఇలాంటివి ఇంట్లోనే బయటపడతాయి.

ఇచ్చిపుచ్చుకోవడం అంటే మీ 90 పాయింట్ల యూనిట్ పోయి 200 పాయింట్లది కొట్టడం, లేదా ఎదుటివాళ్ల 200 పాయింట్ల యూనిట్ గోడచాటు నుంచి బయటికొచ్చేలా చేయడం. జంప్ ప్యాక్ ఇంటర్‌సెసర్లు ఈ పనికి బాగుంటారు. ఇలాంటివి ఒక్కటే పెట్టుకుంటే రెండో రౌండ్‌లోనే అయిపోతుంది. రెండు లేదా మూడు ఉండాలి.

లిస్ట్ చెల్లుతుందా

కనీసం ఒక క్యారెక్టర్ ఉండాలి, ఒక క్యారెక్టర్‌ను వార్‌లార్డ్‌గా (సేనాపతిగా) చూపించాలి. డిటాచ్‌మెంట్ (ఆర్మీకి ఎంచుకునే రూల్స్ సెట్) ఒక్కటే. ఒకే డేటాషీట్ (యూనిట్ రకం) మూడుసార్లకు మించి తీసుకోకూడదు. బ్యాటిల్‌లైన్ (ప్రధాన సైనికులు), డెడికేటెడ్ ట్రాన్స్‌పోర్ట్ (సైనికులను మోసే బండి) అయితే ఆరు. ఒకే ఎపిక్ హీరోను (సొంత పేరున్న వీరుణ్ని) రెండుసార్లు తీసుకోకూడదు. ఎన్‌హాన్స్‌మెంట్లు మూడు దాటకూడదు, ఒకటే రెండుసార్లు కుదరదు, ఎపిక్ హీరోకు ఇవ్వకూడదు.

డెడికేటెడ్ ట్రాన్స్‌పోర్ట్ ఆట మొదట్లో ఖాళీగా ఉండకూడదు. లోపల ఒక యూనిట్ లేకపోతే దాన్ని టేబుల్ మీద పెట్టనివ్వరు, నాశనమైనట్టే లెక్క. సీట్లు కూడా ముందే లెక్కపెట్టండి. పదిమంది స్క్వాడ్‌కు ఇద్దరు లీడర్లను జోడిస్తే పన్నెండు సీట్ల బండి నిండిపోయింది, ఇంక ఒక్కరికీ చోటు లేదు.

పాయింట్లు యూనిట్ సైజును బట్టి మెట్లు మెట్లుగా ఉంటాయి. ఐదుగురికి ఒక ధర, పదిమందికి ఒక ధర. ఆరుగురిని పెడితే పదిమంది ధర కట్టాల్సిందే. ఆయుధాలకు సాధారణంగా విడి ధర ఉండదు కాబట్టి మంచి ఆయుధమే తీసుకోండి, అయితే అది బొమ్మ చేతిలో కనిపించాలి. మొత్తం 1985 దగ్గర ఆగితే ఆ 15 కోసం లిస్ట్‌ను కుదపకండి. 50 మిగిలితే మాత్రం ఎక్కడో ఒక చిన్న యూనిట్‌నో ఎన్‌హాన్స్‌మెంట్‌నో మార్చి చూడాలి.

ట్యాంకులు కొట్టే లెక్క

లాస్‌కానన్ ఒక్క షాట్: తగలాలంటే 3+ (డైస్ మీద 3 లేదా అంతకంటే ఎక్కువ) పడాలి, స్ట్రెంత్ (ఆయుధం బలం) 12, ఏపీ (ఎదుటి సేవ్‌ను తగ్గించేది) 3, డ్యామేజ్ ఒక డైస్ మీద 1 కలిపి, అంటే సగటున 4.5. ఎదురుగా టఫ్‌నెస్ (గట్టిదనం) 9, పది వూండ్లు (తట్టుకోగల డ్యామేజ్), 3+ సేవ్ (దెబ్బను ఆపే డైస్) ఉన్న రైనో అనే రవాణా బండి. తగిలేది మూడింట రెండు వంతులు. 12 అనేది 9 కంటే ఎక్కువ కాబట్టి 3+ పడితే దెబ్బ దిగుతుంది (వూండ్), ఇదీ మూడింట రెండు వంతులు. సేవ్ 6కు పడిపోతుంది, ఆరులో ఐదుసార్లు తప్పుతుంది. మూడూ గుణిస్తే 0.37, దాన్ని 4.5తో గుణిస్తే ఒక షాట్‌కు 1.67 డ్యామేజ్. పది వూండ్లకు ఆరు షాట్లు. రైనో కవర్‌లో (గోడచాటున) ఉంటే సేవ్ ఒకటి మెరుగవుతుంది, షాట్‌కు 1.33 మాత్రమే వస్తుంది, ఎనిమిది షాట్లు కావాలి.

ఇదే లాస్‌కానన్ ల్యాండ్ రైడర్ అనే పెద్ద ట్యాంక్ మీద ఎంత చేస్తుందో చూడండి. టఫ్‌నెస్ 12 కాబట్టి వూండ్ 4+. సేవ్ 2+ నుంచి 5+ అవుతుంది. ఒక షాట్‌కు సరిగ్గా 1 డ్యామేజ్. పదహారు వూండ్లకు పదహారు షాట్లు. స్పేస్ మెరీన్ల ఓత్ ఆఫ్ మొమెంట్ రూల్‌ను దాని మీద పెట్టి, తగలనివి మళ్లీ వేసుకుంటే పన్నెండు. ఒక 2000 ఆర్మీలో పన్నెండు లాస్‌కానన్లు పెట్టేవాళ్లు అరుదు. అంటే ల్యాండ్ రైడర్‌ను ఒక్క టర్న్‌లో లేపేయాలన్న ఆశ వదులుకుని, దాని దారికి అడ్డంగా చౌక యూనిట్లు పెట్టి, అది లేని వైపు స్కోరు చేసుకోవడం తెలివైన పని. రైనో స్థాయి వాహనాలు రెండింటిని రెండు టర్న్‌లలో కొట్టగలిగే బలం ఉంటే మొదటి టోర్నీకి సరిపోతుంది.

సగటు అంటే దాదాపు సగం సార్లు అంతకంటే తక్కువే వస్తుందని. లెక్కలో ఆరు షాట్లు తేలితే ఎనిమిది పెట్టుకోండి.

వెనక దిగేవాళ్లను ఆపడం

ఎదుటివాళ్లు డీప్ స్ట్రైక్‌తో (రిజర్వ్ నుంచి నేరుగా టేబుల్ మీదికి) దిగాలంటే మీ బొమ్మలన్నిటికీ 9 అంగుళాల కంటే ఎక్కువ దూరం ఉండాలి. మీ చిన్న స్క్వాడ్ ఎంత జాగా మూయగలదో టేపు పెట్టి ఒక్కసారి కొలవండి. 32 మిల్లీమీటర్ల బేస్ దాదాపు 1.26 అంగుళాలు. ఐదుగురిని రెండేసి అంగుళాల సందుతో వరుసగా పెడితే పొడవు 14.3. రెండు పక్కలా తొమ్మిదేసి కలిపితే 32.3 అంగుళాలు. అలాంటి స్క్వాడ్లు రెండు ఎడంగా పెడితే 60 అంగుళాల అంచు మొత్తం మూతపడుతుంది.

అదే పదిమందిని ఒకే యూనిట్‌గా తీసుకుంటే ఇంత రాదు. ఏడుగురు, అంతకు మించి ఉన్న యూనిట్‌లో ప్రతి బొమ్మకూ రెండంగుళాల లోపు ఇంకో ఇద్దరుండాలి. దాంతో రెండు కొసల్లోనూ ముగ్గురేసి త్రికోణంలా గుమిగూడాల్సి వస్తుంది, వరుస 24 అంగుళాల దగ్గర ఆగుతుంది. పక్కలు కలిపినా 42. దాదాపు అదే ఖర్చు, మూసిన జాగా మూడింట రెండు వంతులే. కాపలాకు ఐదుగురి స్క్వాడ్లే తీసుకోమని చెప్పేది ఇందుకే. ఇన్‌ఫిల్ట్రేటర్లయితే 12 అంగుళాల దాకా ఎవరినీ దిగనివ్వరు, ఒక్క స్క్వాడే 38 అంగుళాలు మూస్తుంది.

మీ వైపు రిజర్వుల్లో కూడా అతి చేయొద్దు. స్ట్రాటజిక్ రిజర్వ్ నాలుగో వంతు, అంటే 500 పాయింట్లు దాటకూడదు. మూడో రౌండ్ ముగిసేలోపు దిగనివాళ్లు పోయినట్టే లెక్క. టేబుల్ మీద లేనివాళ్లు ఆబ్జెక్టివ్ పట్టలేరు కూడా. రెండో రౌండ్ స్కోరు చేయడానికి ఎవరు మిగిలారో చూసుకున్నాకే రిజర్వ్‌లో ఎవరిని పెట్టాలో తేల్చండి.

గడియారం

ఒక్కో ఆటకు మూడు గంటలంటే మీ వాటా 90 నిమిషాలు. టెరైన్ మాట్లాడుకోవడం, డిప్లాయ్‌మెంట్‌లో (మొదట బొమ్మలు టేబుల్ మీద పెట్టడంలో) మీ భాగం పది నిమిషాలు పోతే మిగిలిన 80లో ఐదు టర్న్‌లు, ఒక్కోటి 16 నిమిషాలు. వందకు పైగా బొమ్మలున్న ఆర్మీని కదిపి, కాల్చి, కొట్టించి 16 నిమిషాల్లో ముగించడం ఆ ఆర్మీతో ఏళ్లుగా ఆడేవాళ్లకే సాధ్యం. మొదటిసారికి 70 బొమ్మల లోపు ఉంచండి. ఆట మూడో రౌండ్‌లోనే టైం అయిపోతే చివర్లో రావాల్సిన స్కోరు కాగితం మీదే ఉండిపోతుంది. గుంపు ఆర్మీలకు స్కోరు ఎక్కువగా వచ్చేది కూడా ఆ చివర్లోనే.

రంగు, బేసులు

స్కోరులో రంగుకు వచ్చే 10 డైస్ వేయకుండా దొరికేవి. లిస్ట్ ఖాయం చేసేముందు అందులో రంగు వేయనివి ఎన్నో లెక్కపెట్టండి. రోజుకు ఎన్ని పూర్తి చేయగలరో నిజాయితీగా వేసుకుని, గడువులోపు కాకపోతే యూనిట్‌నే మార్చేయండి.

మన వాతావరణంలో స్ప్రే ప్రైమర్ సతాయిస్తుంది. మే నెల ఎండలో రంగు బొమ్మను చేరకముందే గాల్లో ఆరిపోయి ఇసుకలా గరగరలాడుతుంది. ముసురు పట్టిన రోజు తేమకు తెల్లటి పొర కడుతుంది. ఎండాకాలం పొద్దుగాల, ఎండ ముదరకముందే పని కానివ్వండి. వానాకాలం బ్రష్‌తో వేసే ప్రైమర్ వాడండి, నమ్మకంగా ఉంటుంది. బేసులకు చెలక ఎర్రమట్టిని టీ జల్లెడతో జల్లించి, ఎండబెట్టి, ఫెవికాల్ మీద చల్లితే చక్కగా కుదురుతుంది. నల్లరేగడి మందంగా పెడితే ఆరాక పగుళ్లిస్తుంది. ఎండిన నేల కావాలనుకున్నవాళ్లకు అదీ పనికొస్తుంది గానీ పైన పల్చగా చేసిన ఫెవికాల్ పట్టించకపోతే టోర్నీకి చేరేసరికి సగం డబ్బాలో రాలిపోయి ఉంటుంది.

ఇంటి దగ్గర ప్రాక్టీస్

8 అడుగుల పొడవు, 4 అడుగుల వెడల్పు ప్లైవుడ్ షీట్‌లో 60 బై 44 ముక్క కోయించొచ్చు. దాన్ని 30 బై 44 రెండు ముక్కలు చేయిస్తే అటక మీద పెట్టుకోవడం సులువు. ప్యాక్‌లో ఇచ్చిన కొలతలతో శిథిలాల అడుగులు చార్ట్ పేపర్‌తో, గోడలు సన్‌బోర్డ్‌తో చేసుకోండి. థర్మోకోల్ వాడితే స్ప్రే కొట్టేముందు ఫెవికాల్ పూత వేయండి, లేదంటే కరిగిపోతుంది.

ఆ లేఅవుట్ మీద మొదట చూడాల్సింది మీ పెద్ద వాహనాలు దాక్కోగలవా, సందుల్లోంచి బయటికి రాగలవా అని. ఇన్‌ఫెంట్రీ గోడల్లోంచి నడిచి పోతుంది, ట్యాంక్ చుట్టూ తిరిగి రావాలి. కాగితం మీద 10 అంగుళాలు కదిలే బండి రెండు శిథిలాల మధ్య ఇరుక్కుని మూడు టర్న్‌లు ఏమీ కొట్టకపోతే దాన్ని లిస్ట్‌లోంచి తీసేయాల్సిందే.

వరంగల్‌లోనో, కరీంనగర్‌లోనో ఆడేవాళ్లు తక్కువ, ఎప్పుడూ అదే ఇద్దరు ముగ్గురు ఎదురుపడతారు. అందుకే ఆర్మీలు మార్చుకుని ఆడండి. లేని ఆర్మీని సరైన సైజు కార్డ్‌బోర్డ్ గుండ్రాలతో పెట్టుకోండి. గుంపు ఆర్మీ, ట్యాంకుల ఆర్మీ, మీదికి ఉరికొచ్చి కొట్టే ఆర్మీ, ఈ మూడింటి మీద మొదటి రెండు రౌండ్లు మాత్రమే మళ్లీ మళ్లీ ఆడితే చాలు. లిస్ట్‌లో లోపమేదైనా ఉంటే అక్కడే తేలుతుంది. ఏ యూనిట్ అయినా వరుసగా మూడు ఆటల్లో ఏ పనీ చేయకపోతే దాన్ని మార్చండి. ఒక్క ఆటలో డైస్ బాగా పడలేదని మాత్రం మార్చొద్దు.

పంపడం, మోసుకుపోవడం

లిస్ట్‌ను యాప్ నుంచి టెక్స్ట్‌గా తీసి, ఆర్మీ, డిటాచ్‌మెంట్, వార్‌లార్డ్, ప్రతి యూనిట్‌లో ఎంతమంది, ఎన్‌హాన్స్‌మెంట్ ఎవరికి, మొత్తం ఎంత అన్నవి ఇంకొకరితో చదివించండి. గడువుకు ముందురోజే పంపండి. పంపాక పాయింట్లు మారాయని కంగారు పడొద్దు, ప్యాక్‌లో ఉన్న తేదీయే చెల్లుతుంది.

హైదరాబాద్‌లో టోర్నీ అయితే ముందురోజు సాయంత్రమే చేరుకోండి. కాజీపేట నుంచి సికింద్రాబాద్ 130 కిలోమీటర్ల పైచిలుకే, కానీ పొద్దున రైలు ఆలస్యమైతే మొదటి ఆట క్లాక్ మీ కోసం ఆగదు. రోజుకు మూడు ఆటలంటే తొమ్మిది గంటలు నిలబడే పని. బేసుల కింద 5 బై 2 మిల్లీమీటర్ల అయస్కాంతాలు, ప్లాస్టిక్ డబ్బా అడుగున జీఐ రేకు అతికిస్తే బొమ్మలు కదలవు. డబ్బాను బస్సు డిక్కీలో వేయకండి, ఒళ్లోనో సీటు కిందో పెట్టుకోండి. పీఎల్ఏ ప్లాస్టిక్‌తో ప్రింట్ చేసినవి 60 డిగ్రీల దగ్గర మెత్తబడతాయి, మే ఎండలో నిలిపిన కారు లోపల అంత వేడి వస్తుంది. సూపర్ గ్లూ, అంగుళాల టేపు, మిషన్ కార్డులు, పెద్ద అక్షరాలతో లిస్ట్ ప్రింట్ రెండు కాపీలు అదే సంచీలో వేసుకోండి.

టేబుల్ దగ్గర లిస్టులు మార్చుకోగానే ఎదుటివాళ్లను మూడు విషయాలు అడగండి: రిజర్వ్‌లో ఎవరున్నారు, మీ టర్న్‌లో కూడా కదలగలిగే వాళ్ల యూనిట్లేవి, చనిపోయినవాళ్లను తిరిగి లేపే రూల్ ఏదైనా ఉందా. ఆ జవాబులు విన్నాకే మొదటి బొమ్మ కింద పెట్టండి.